అడ్డంగా వేసిన మంచం

నారాయణి గ్యాసు కట్టేసిందో లేదో మూడుసార్లు చూసుకునే మనిషి. ఇంటికి తాళం వేశాక ఒకసారి లాగి చూస్తుంది. వీధి మలుపు దాకా వెళ్ళి, మనసొప్పక వెనక్కి వచ్చి ఇంకోసారి లాగుతుంది. తిరుపతిలో ఆమె పనిచేసే యూనివర్సిటీ లైబ్రరీలో ఒక పుస్తకం పక్క గడిలోకి జరిగితే, ఎవరు జరిపారో సాయంత్రంలోగా తేల్చందే కాఫీ తాగదు. అటువంటి మనిషి చచ్చిపోయి, లేవాల్సిన చోట లేవకపోతే ఊరుకుంటుందా?

చావంటే కంగారు పడకండి, కంప్యూటర్ ఆటలో చావు. ఆ ఆట పేరు ఇంగ్లీషులో బారెడుంటుంది, వీళ్ళు మాత్రం దాన్ని ‘అడివి’ అంటారు. చేతిలో పుల్ల కూడా లేకుండా ఒక రేవులో మేలుకుంటావు. కట్టెలు కొట్టుకోవాలి, గుడిసె వేసుకోవాలి, ఆకలికి ఏదో ఒకటి తినాలి, మృగం మీద పడితే తప్పించుకోవాలి. తప్పించుకోలేకపోతే చస్తావు. అయినా ఆట అయిపోదు. అంతకుముందు ఎక్కడ మంచం వేసుకుని ఒకసారి పడుకున్నావో, ఆ మంచం మీద మళ్ళీ లేస్తావు. మంచమే లేకపోతే మొదటి రేవులో, కట్టుబట్టలతో లేస్తావు. అందుకే అడివిలో మంచాన్ని మించిన ఆస్తి లేదు. అందులోనూ ఒక మెలిక ఉంది. వేసిన మంచాన్ని ఎవరైనా ఎత్తి మళ్ళీ వేశారో, అదే చోట వేసినా సరే, అది ఎవరిదీ కాకుండా పోతుంది. మళ్ళీ నువ్వే వచ్చి దానిమీద పడుకోవాలి. నీ బదులు ఇంకొకరు పడుకుంటే చెల్లదు.

ఆడేది ముగ్గురు. నారాయణి ఒకతె. రెండో ఆమె రూపశ్రీ, కాలేజీ రోజుల్లో తిరుపతి హాస్టల్లో నారాయణితో ఒకే గదిలో ఉన్న రైతుబిడ్డ. ఇప్పుడు బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుజ్జు తీపీ పులుపూ పరీక్ష చేసే ఉద్యోగం. మూడోవాడు భానుచందర్, వాళ్ళ క్లాస్‌మేటే. పాకాల జంక్షన్లో టికెట్లిచ్చే పని. ముగ్గురూ గట్టిగా రెండు మూడు గంటల దూరంలోనే ఉన్నా, ఎదురెదురుగా కలిసేది ఏడాదికి ఒకసారి. అడివిలో మాత్రం రోజూ సాయంత్రం ఆరున్నరకి, చెవులకి మైకులు తగిలించుకుని హాజరు.

ఎనిమిది నెలలు ఆడీ ఆడీ వాళ్ళు ఆ జూన్ నెలలో కనుమ దగ్గరికి చేరారు. రెండు నల్ల కొండల మధ్య బూడిద రాలే లోయ అది. దాని అవతల ఒక పడవ ఉంటుంది, అది ఎక్కితే ఆట గెలిచినట్టు. లోయ నిండా బూడిదరంగు తోడేళ్ళు. ఒక్క దెబ్బలో దాటిన వాళ్ళు లేరు, చస్తూ లేస్తూ దాటాల్సిందే. కాబట్టి లేచే చోటు కనుమ మొదట్లోనే ఉండాలి. నారాయణి ప్లాను గీసింది, ముగ్గురూ కలిసి సూదిగా చెక్కిన మొద్దులతో చుట్టూ కంచె కట్టి దానికి కోట అని పేరు పెట్టుకున్నారు. గేటుకి తాళం, తాళానికి మూడు చెవులు. లోపల బొగ్గుల బట్టీ. దాని పక్కన మూడు మంచాలు.

మంచాలు కూడా నారాయణి లెక్క ప్రకారమే. తలవైపు వెనక గోడకి, కాళ్ళవైపు గేటుకి. లేవగానే గేటు కనబడాలి, ఏదైనా లోపలికి దూరి ఉంటే తెలిసిపోవాలి. భానుచందర్ బుద్ధిగా చెప్పినట్టే వేశాడు. రూపశ్రీ మాత్రం పక్క గోడని ఆనించి అడ్డంగా వేసింది.

“అట్లా వేశావేమే? లేస్తే నీకు గోడ తప్ప ఏమీ కనబడదు.”

“నాకు ఇట్లా ఉంటేనే నిద్ర పడ్తాదిలే.”

“ఆటలో నిద్రేమిటే పిచ్చిదానా!” అని నారాయణి నవ్వింది. రూపశ్రీ కట్టెలు కొట్టే పనిలో పడింది. ఆ అడ్డమంచం నారాయణి కంటికి మాత్రం, వరసలో తలకిందులుగా పెట్టిన పుస్తకంలాగా గుచ్చుకుంటూనే ఉంది.

బట్టీలో బొగ్గు కాలాలంటే ముగ్గురిలో ఒకరి బొమ్మైనా, అంటే తెర మీద వాళ్ళ బదులు తిరిగే మనిషి, కోటలో నిలబడి ఉండాలి. అందుకని నారాయణి పొద్దున్నే ఆట తెరిచి, తన బొమ్మని బట్టీ దగ్గర నిలబెట్టి, కంప్యూటర్ అట్లాగే వదిలేసి లైబ్రరీకి పోయేది. “అత్తయ్యా, దాన్ని కట్టేయకండి, బొగ్గు కాలుతోంది,” అని రోజూ చెప్పేది. భర్త పరాశర్ ఏడింటికే శ్రీకాళహస్తి రైలెక్కేస్తాడు, అక్కడ బ్యాంకులో పని. ఇంట్లో ఉండేది అత్తగారు రమామణి ఒక్కతే. ఆమె గుడి ట్రస్టు ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైంది. భర్త శఠగోపం పోయి మూడేళ్ళు. మాట తక్కువ మనిషి. సాయంత్రం కోడలు ఆడుతుంటే వెనకాల కుర్చీలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చునేది. నారాయణి “చచ్చాను!” అని అరిచినప్పుడల్లా ఉలిక్కిపడేది.

“సంధ్యవేళ అదేం మాటమ్మా?” అని ఒకటి రెండుసార్లు అంది కూడా. ఆటంటే ఆమెకి గిట్టదని నారాయణి తేల్చేసుకుంది. గిట్టని మనిషి మధ్యలో ఒకరోజు, “పైన ఆ ముల్లేమిటి?” అని అడిగింది.

“దిక్సూచి అత్తయ్యా. ఎటు పోతున్నామో తెలియాలి కదా,” అని నారాయణి తల తిప్పకుండానే చెప్పింది.

కోట కట్టిన వారానికి, ఒక మంగళవారం సాయంత్రం ముగ్గురూ కనుమలోకి దిగారు. పది నిమిషాలు బాగానే నడిచారు. పదకొండో నిమిషంలో తోడేళ్ళ గుంపు చుట్టుముట్టింది. ముగ్గురూ చచ్చారు. నారాయణి కళ్ళు తెరిచేసరికి గేటు లేదు, కంచె లేదు, బట్టీ లేదు. అలల చప్పుడు వినిపించింది.

“యాడున్నావే?” రూపశ్రీ గొంతు.

“రేవులో.”

“రేవులోనా? మంచం ఏమైంది?”

“అదే నేనూ అడుగుతున్నా.”

“నేనూ రేవులోనే తేలినా,” అన్నాడు భానుచందర్. “ఏందప్పా ఇది, మంచాలు ఎవురు లాగేసినారు?”

“నేను కోటలోనే లేసినానే,” అంది రూపశ్రీ. “నా మంచం నాకు బాగానే ఉండాది.”

ఆ ఒక్క మాట నారాయణి మనసులో ముల్లులా దిగింది. రేవు నుంచి కోటకి నలభై నిమిషాల నడక. ఈలోగా చచ్చిన చోట పడిపోయిన గొడ్డళ్ళూ దీపాలూ మాయమైపోయాయి. కోటకి చేరి చూస్తే గేటుకి తాళం తాళంలాగే ఉంది. లోపల మంచాలూ ఉన్నాయి. తనదీ, భానుచందర్‌దీ మాత్రం అడ్డంగా తిరిగి ఉన్నాయి. సరిగ్గా రూపశ్రీ మంచం ఎట్లా ఉందో అట్లా.

నారాయణి మామూలుగానే పనిలో పడింది. మంచాలు మళ్ళీ నిలువుగా వేసింది, పడుకుని లేచింది, భానుచందర్‌ని కూడా పడుకోమంది. లోపల మాత్రం లెక్క మొదలైంది. పదేళ్ళుగా పుస్తకాలు సర్దుతున్న మనిషి కదా. తీసినవాళ్ళు తిరిగి పెట్టేటప్పుడు తమ అలవాటు అక్కడ వదిలేసి పోతారని ఆమెకి తెలుసు. అడ్డంగా వేసే అలవాటు ఎవరిది? మంచం పోనిది ఎవరికి? తాళంచెవులు ఉన్నవి మూడే. అవి ఉన్న ముగ్గురిలో ఇద్దరు రేవులో తేలారు.

“నువ్వు మధ్యాహ్నం వచ్చావా?” అని మరునాడు మామూలుగా అడిగినట్టు అడిగింది.

“అన్నం యాలకి ఫ్యాక్టరీ కంప్యూటర్లో పది నిమిషాలు వచ్చినా. బట్టీలో రవంత కట్టెలేసి పోయినా. నీ బొమ్మ ఆడే నిలబడుండాది, పలకరిస్తే పలకలా,” అని రూపశ్రీ నవ్వింది.

వచ్చిందన్నమాట! నారాయణికి అన్నం సహించలేదు. పడవలో ఇద్దరికే చోటుందని ఎక్కడో చదివినట్టు గుర్తొచ్చింది. వెతికితే అటువంటిదేమీ దొరకలేదు. దొరకకపోయినా అనుమానం పోలేదు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? దానికి తిండి పెట్టనక్కర్లేదు, అదే వెతుక్కుని తింటుంది. రూపశ్రీ మైకులో దగ్గినా, ఎవరికో రహస్యంగా సైగ చేసినట్టే వినిపించింది.

శుక్రవారం మళ్ళీ అదే జరిగింది. చావు, రేవు, నలభై నిమిషాలు, అడ్డంగా తిరిగిన రెండు మంచాలు. రూపశ్రీ మంచం మాత్రం చెక్కుచెదరలేదు.

భానుచందర్‌కి ఒళ్ళు మండింది. “నాకు పొద్దున నుంచి డ్యూటీ. ఫోన్లో ఈ ఆట రాదు. నేనైతే కాదు. ఇంక ఉండేది మీరిద్దురు. మీలో మీరు తేల్చుకోండప్పా, తేలినాక నాకు చెప్పండి,” అని మైకు కట్టేసి పోయాడు.

రూపశ్రీ బొమ్మ బట్టీలో రెండు కట్టెలు వేసింది.

“అడుగు,” అంది రూపశ్రీ.

“ఏం అడగాలి?”

“మూడు దినాల నుంచి నీ నోట్లో నానతా ఉండేదేందో అది. హాస్టల్లో మాదిరి గమ్మున నిలబడొద్దు.”

ఆ మాటతో నారాయణి ముఖం కందిపోయింది. పదకొండేళ్ళ కిందటి మాట. గదిలో ఒకమ్మాయి చేతిగడియారం పోయింది. ఎవరూ ఎవరినీ అడగలేదు, అందరూ నేరుగా రూపశ్రీ రేకుపెట్టె దగ్గరికి నడిచారు. పల్లె నుంచి రేకుపెట్టెతో వచ్చింది ఆమె ఒక్కతే మరి. బట్టలన్నీ నేలమీద పోసి వెతుకుతుంటే నారాయణి వాకిట్లో నిలబడి చూసింది. ఆమె అట్లాంటిది కాదు అనలేదు. మరునాడు పొద్దున గడియారం స్నానాల గది కిటికీలో దొరికింది. ఒక్కరూ తప్పయిందని అనలేదు. నారాయణి మాత్రం ఆ బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దింది. రూపశ్రీ ఆ మడతలనే మాటగా తీసుకుంది. వాళ్ళ స్నేహం అక్కడే మొదలైంది.

“ఆ పొద్దు భయపడినావులే అనుకున్నా,” అంది రూపశ్రీ. “అందురూ పెద్దింటి పిల్లోళ్ళు, ఎదురు చెప్పలేకపోయినావు. ఈ పొద్దు ఈడ ఎవురూ లేరు గదా. అడుగు.”

నారాయణి అడిగింది. “మంచాలు తీసింది నువ్వేనా?”

రూపశ్రీ అవుననలేదు, కాదనలేదు. ఆమె బొమ్మ లేచి వెళ్ళి తన తాళంచెవిని పెట్టెలో వేసింది. తర్వాత గొడ్డలి తీసుకుని, గోడ పక్కన అడ్డంగా ఉన్న తన మంచాన్ని నాలుగు దెబ్బల్లో కట్టెలు చేసింది. ఆ కట్టెల్ని బట్టీ పక్కన పేర్చింది. తెర మీద ఆమె పేరు ఆరిపోయింది, ఆట కట్టేసి పోయిందన్నమాట.

 నిజం చెప్పొద్దూ, నారాయణికి ఒక మూల కొంచెం తృప్తి కలిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారు, ఏ తప్పూ చేయనిదైతే కాదని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా? అనుకుంది. అనుకుని వెంటనే గేటు తాళం మార్చేసింది. కొత్త చెవి ఒకటి భానుచందర్ పెట్టెలో పెట్టి, విషయం వాడికి మెసేజ్ చేసింది.

అయినా ఆమెకి నమ్మకం కుదరలేదు. ఆదివారం ఎవరికీ చెప్పకుండా, కనుమ పక్క కొండలో ఒక గుహ వెతుక్కుని అందులో తనకొక్కదానికి రహస్యంగా మంచం వేసుకుంది. తల లోపలికి, కాళ్ళు గుహ వాకిలికి. పడుకుని లేచింది. సోమవారం బొగ్గు మాట పక్కన పెట్టి, తన బొమ్మని ఆ మంచం పక్కనే కాపలా నిలబెట్టి లైబ్రరీకి పోయింది. సాయంత్రం వచ్చీరాగానే ఒంటరిగా కనుమలోకి దిగి, కావాలనే తోడేళ్ళకి ఎదురు పోయింది. చచ్చింది.

అలల చప్పుడు.

నలభై నిమిషాలు నడిచి గుహలోకి పోయి చూసింది. మంచం ఉంది. అడ్డంగా ఉంది.

 ఈ గుహ సంగతి రూపశ్రీకి తెలియదు, భానుచందర్‌కి తెలియదు. ఇక్కడ పగలంతా నిలబడి ఉన్నది ఎవరు? తన బొమ్మ. ఆ బొమ్మని కదిపే మీటలు ఎక్కడున్నాయి? ఈ బల్ల మీద, ఈ ఇంట్లో. చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతికినట్టయింది. మెల్లగా తల తిప్పి చూసింది. వెనక కుర్చీలో రమామణి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కోడలు చూస్తున్నదని గమనించి, “చచ్చావా మళ్ళీ?” అంది నెమ్మదిగా.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి నారాయణికున్నంత అనుమానం లేదు కాబట్టి అట్లా అని ఉంటారు. ఆమె ఆ సాయంత్రం ఏమీ బయటపడలేదు. గుహలో మంచం మళ్ళీ ఎప్పటిలా వేసింది. మంగళవారం మామూలుగా లైబ్రరీకి పోయి, సగం రోజు సెలవు పెట్టి, పదకొండున్నరకి ఇంటి తలుపు చప్పుడు కాకుండా తీసింది.

రమామణి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ముక్కు మీద చదువుకునే కళ్ళద్దాలు, పెదాల మధ్య నాలుక కొస. కుడిచేతి చూపుడువేలితో ఒక మీటని ఒత్తి పట్టుకుంది. తెర మీద మంచం గాల్లో లేచి మెల్లగా తిరుగుతోంది.

“ఇంకాస్త... ఇంకాస్త తిరగమ్మా... ఆఁ.” మంచం అడ్డంగా నేల మీదికి దిగింది.

“అత్తయ్యా!”

దొంగైతే చెయ్యి వెనక్కి తీసుకోవాలి కదా. రమామణి తీసుకోలేదు. కళ్ళద్దాల పైనుంచి చూసింది. “ఇంత తొందరగా వచ్చావేం, ఒంట్లో బాగాలేదా?”

“మీరేం చేస్తున్నారు?” 

“నీ మంచం తిప్పుతున్నాను. నేను తిప్పడం, నువ్వు మళ్ళీ ఉత్తరానికే పెట్టడం! ఎన్నిసార్లని? ఉత్తరం తల పెట్టి పడుకోకూడదని మీ ఇంట్లో చెప్పలేదా అమ్మా?”

నారాయణి తెర వైపు చూసింది. పైన దిక్సూచి ముల్లు. గుహ లోపలి గోడ ఉత్తరం. కోట వెనక గోడా ఉత్తరమే. తను ఎనిమిది నెలలుగా ఆ ముల్లుని చూస్తూ దారులు వెతికిందే గానీ, మంచం ఎటుందో ఒక్కసారీ చూసుకోలేదు.

“అది ఆట అత్తయ్యా.”

“ఆటని నాకు తెలీదా? ముప్పై ఏళ్ళు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నదాన్ని. కానీ నువ్వు రోజూ దీపం పెట్టే వేళకి చచ్చాను, చచ్చాను అంటావు. వెనక కూర్చుని వినేదాన్ని నేను. ఎందుకు ఈ పిల్ల ఊరికే చస్తోందని చూశాను. చూస్తే తల ఉత్తరానికి.” ఆమె కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. “మీ మామగారికి వార్డులో ఉత్తరం తలే వచ్చింది. తిప్పమని నర్సుని అడిగాను. గోడకి ఆక్సిజన్ గొట్టం ఉందమ్మా, కుదరదంది. ఆ పిల్ల తప్పేం లేదులే, నిజంగానే కుదరదు. నాలుగో రోజు పోయారు. తిప్పి ఉంటే బతికేవారని నేననను. తిప్పలేకపోయానే అని మాత్రం ఉంటుంది. ఇదైతే ఒక్క వేలితో తిరుగుతుంది. తిప్పితే నీకేం నష్టం?”

 నారాయణి చేతిసంచి భుజానే ఉంచుకుని పక్క కుర్చీలో కూలబడింది. తన ఆటంటే గిట్టదనుకున్న మనిషి, తను చావకూడదని ఎవరికీ చెప్పకుండా రోజూ మంచం తిప్పుతూ వచ్చింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు.

రమామణికి ఇంకో మాట గుర్తొచ్చింది. “అవునూ, ఆ కోటలో మూడింట్లో ఒక్క మంచమే సరిగ్గా ఉండేది. గోడ పక్కన, తల తూర్పుకి. దాన్ని నేను ముట్టుకోనేలేదు. ఎవరి బిడ్డోగానీ, పద్ధతిగా పెంచారు అనుకున్నాను. మొన్నటి నుంచి కనబడ్డం లేదే ఆ మంచం?”

 నారాయణి ఏ ఆధారం పట్టుకుని రూపశ్రీని దొంగని చేసిందో ఆ ఆధారమే ఇది. ఆమె మంచం ఎందుకు పోలేదంటే, అది ఒక్కటే వేయాల్సిన తీరుగా వేసి ఉంది కాబట్టి. అంతే. “నేనే పోగొట్టాను అత్తయ్యా,” అంది. జరిగిందంతా చెప్పింది, గడియారం దగ్గర్నుంచీ. గడియారం మాట ఆమె పరాశర్‌కి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

రమామణి కళ్ళద్దాలు మడిచి బల్ల మీద పెట్టింది. తర్వాత, “మంచం తిప్పింది నేను. మనిషిని అన్నది నువ్వు. నాది నేను చెప్పుకుంటాను, నీది నువ్వు చెప్పుకో. ఫోన్లో కాదు,” అంది.

ఫోనుకి ఎలాగూ రూపశ్రీ పలకలేదు. బుధవారం పొద్దున నారాయణి చిత్తూరులో బస్సు మారి బంగారుపాళ్యం చేరింది. కాయల కాలం. ఫ్యాక్టరీ ముందు మామిడికాయల ట్రాక్టర్లు హైవే దాకా బారు తీరి ఉన్నాయి. పండు వాసన గొంతుకి అడ్డం పడేంత చిక్కగా ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి కబురు పంపిన అరగంటకి రూపశ్రీ వచ్చింది. తల మీద టోపీ, తెల్ల కోటు, గోళ్ళ సందుల్లో పసుపు. నారాయణి ముందుగా అత్తగారికి ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చింది.

రమామణి చెప్పినదంతా విని రూపశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. “అయ్యో, మీరా అత్తా తిప్పింది! బాగుండాది... లేదులేత్తా, మీ మీద నాకేం కోపం... మాయవ్వా అంతే, ఉత్తరం తల పెడితే నిద్రలో ఉన్నా లేపుతాది.” ఫోన్ తిరిగి ఇచ్చేటప్పటికి ఆ నవ్వు లేదు.

“తప్పు నాదే రూపా,” అంది నారాయణి.

“అవును. నీదే.” పరవాలేదని ఆమె అనలేదు. “ఆ పొద్దు ఎందుకు అడ్డంగా ఏసినావని నువ్వు అడిగినప్పుడే మాయవ్వ మాట చెప్దామనుకున్నా. నువ్వు నవ్వినావు. పెద్ద ఆచారమోళ్ళ కోడలివి, నీకే పట్టనిది నేను చెప్తే ఇంకా నవ్తావని గమ్మునుండినా. నువ్వు ఇంకొకతూరి నిమ్మళంగా అడిగుంటే చెప్పుండేదాన్ని. రెండోతూరి అడిగినావులే. కాకపోతే దొంగవా అని అడిగినావు.”

 రోడ్డు పక్కన, ట్రాక్టర్ల వాళ్ళు చూస్తుండగా నారాయణికి కన్నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

లోపల బెల్లు మోగింది. “షిఫ్టు. పోవాల,” అంది రూపశ్రీ.

“సాయంత్రం అడివికి వస్తావా?”

“యాడికి వచ్చేది? తాళం మార్చినావంట గదా, భాను చెప్పినాడు,” అని ఆమె వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆరున్నరకి నారాయణి ఆట తెరిచింది. బట్టీ పక్కన పేర్చి ఉన్న కట్టెలతోనే గోడ పక్కన మంచం కట్టింది. అడ్డంగా, తల తూర్పుకి. తన మంచం, భానుచందర్ మంచం కూడా అట్లాగే తిప్పి, తనదాని మీద పడుకుని లేచింది. ఇప్పుడిక లేస్తే గేటు కనబడదు, గోడే కనబడుతుంది. కొత్త తాళంచెవి ఇవ్వాలంటే ఎదురుగా నిలబడి చేతికివ్వాలి. మంచం లేకుండా ఆట కట్టేసిపోయినవాళ్ళు మళ్ళీ తెరిస్తే రేవులోనే మేలుకుంటారు, అక్కడి నుంచి రూపశ్రీ నలభై నిమిషాలు ఉత్తచేతులతో నడిచి రావాలి. వచ్చి, తాళం చూసి వెనక్కి పోతే?

నారాయణి గేటు బార్లా తెరిచిపెట్టింది.

కనుమ ముందర తెరిచిన గేటు ఎంతసేపు ఖాళీగా ఉంటుంది? ఏడు కాకముందే తోడేళ్ళు లోపలికొచ్చాయి. ఆమె చేతనైనంత కొట్టింది, చచ్చింది, తన మంచం మీద లేచింది. గోడ వైపు చూస్తూ లేచేసరికి వెనక నుంచి ఇంకోటి పీకింది. మళ్ళీ చచ్చింది, మళ్ళీ లేచింది.

“తలుపు వేసుకోవచ్చు కదమ్మా?” రమామణి ఒలిచే కాయలు ఆపి అడిగింది.

“వేస్తే ఆ పిల్ల లోపలికి రాలేదు అత్తయ్యా.”

 రమామణి కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది. ఏడుంబావుకి మూడోసారి చావు. ఏడున్నరకి నాలుగోసారి. అప్పటిదాకా కష్టపడి దాచుకున్న బాణాలు, దీపాలు అన్నీ పోయాయి.  రాదేమో అనుకుంది. రాకపోతే అది న్యాయమే అనుకుంది. అయినా గేటు మూయలేదు.

అయిదోసారి లేచేసరికి వెనక ఏదో దబదబా చప్పుడు. తిరిగి చూసింది. గేటు దగ్గర ఒంటిమీద రేవు బట్టలతో, చేతిలో ఒక ఎండుకొమ్మతో ఒక బొమ్మ తోడేలుని బాదుతోంది.

“గేటు తెరిసిపెట్టినావేందే, నీకేమన్నా బుద్ధుండాదా?” రూపశ్రీ గొంతు రొప్పుతోంది. “నాలుగుతూర్లు సచ్చినావని భాను ఫోన్‌కి మెసేజీలు వచ్చినాయంట, పాకాల నుంచి నాకు ఫోన్ చేసి తిడతా ఉండాడు!”

 నారాయణి గొడ్డలి ఎత్తి ఆమె పక్కకి పరిగెత్తింది. ఇద్దరూ కలిసి, మిగిలిన ఒక్క తోడేలునీ బయటికి తరిమారు.

“ముందు పోయి పడుకో,” అంది నారాయణి, “నీ మంచం ఉన్నచోటే ఉంది. తూర్పుకే.”

రూపశ్రీ బొమ్మ మంచం దాకా నడిచి ఆగింది.   తర్వాత మెల్లగా దానిమీద వాలింది. మంచం తలవైపు ఆమె పేరు వెలిగింది.

“హమ్మయ్య,” అంది వెనక నుంచి రమామణి.

నారాయణి గేటు మూసి తాళం వేసింది. లాగి చూడలేదు.